రోజూ తోమిన రైఫిలు

పోయిన వారం మా రిటైరైన పోలీసుల వాట్సాప్ గుంపులో ఒక కుర్ర కానిస్టేబులు ఒక ప్రశ్న పెట్టాడు. ఫైరింగ్ ప్రాక్టీసు అయ్యాక రైఫిలును ఎన్నిసార్లు శుభ్రం చేయాలి సార్, అని. పొద్దున లేస్తే పూల బొమ్మలు, దేవుళ్ల బొమ్మలు తప్ప ఇంకేమీ రాని గుంపు అది. చాలా రోజులకు ఒక పనికొచ్చే మాట కనబడిందని సంతోషపడ్డాను. ఆ సంతోషం జవాబులు చదివేదాకానే నిలిచింది.

రోజూ చేయాలి బాబూ, అని ఒకరు. ఎంత తోమితే అంత మంచిది, అని ఇంకొకరు. ఆయుధం అద్దంలా మెరవాలి, అని మరొక పెద్దమనిషి. ఈ పెద్దమనిషి సర్వీసంతా కంట్రోల్ రూములో ఫోన్లు ఎత్తాడు. రైఫిలును పరేడు రోజుల్లో ఇతరుల భుజాల మీద చూసి ఉంటాడు. ఆయన జవాబుకే అందరికంటే ఎక్కువ బొటనవేళ్లు లేచాయి.

నేను జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆర్మరర్ అంటే తుపాకులు బాగుచేసేవాడు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఆయుధాల పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటే పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కొక్క వాక్యం కూడబలుక్కుని చదువుకున్నాను. అందుకేనేమో, చదవకుండా, చూడకుండా చెప్పేవాళ్లను చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒక వేలితో ఫోనులో టైపు చేయబోయి, ఇది ఫోనులో పట్టే సంగతి కాదని మానేసి కాగితం తీసుకున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. కాల్చిన రోజు సాయంత్రమే బారెల్ శుభ్రం చేయాలి. మర్నాటికి వాయిదా వేయకూడదు. మందు కాలిన మసి లోపల ఉప్పులాగా అంటుకుని ఉంటుంది, అది చెమ్మను పీల్చుకుంటుంది. కాబట్టి తర్వాత రెండు రోజులు కూడా గుడ్డ లాగి చూడాలి. నల్లగా వస్తే మళ్లీ తుడవాలి. తెల్లగా వస్తే పలచగా నూనె రాసి బీరువాలో పెట్టాలి. ఆ తర్వాత దాన్ని దాని మానాన వదిలేయాలి. అప్పుడప్పుడు కంటితో చూసుకుంటే చాలు. ఇందులో ఎవరికీ గుర్తుండనిది ఆ వదిలేయడమే. వదిలేయడం చేతకాక మా పోలీసు లైన్స్‌లో ఒక మంచి రైఫిలును చంపారు. దాంతోపాటు ఒక ఆడపిల్ల ఉద్యోగమూ పోబోయింది.

అప్పట్లో మాకు కొత్త ఆర్.ఐ. వచ్చాడు. అంటే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, లైన్స్‌లో ఉండేవాళ్లందరికీ పెద్ద. కోస్తా మనిషి, సముద్రం పక్క ఊళ్లలోనే సర్వీసు చేసినవాడు. అక్కడ రాత్రి తుడిచిన ఇనుముకు తెల్లారేసరికి తుప్పు కనబడుతుందట. నేను సముద్రం చూడలేదు గానీ ఉప్పుగాలి సంగతి చదివాను, ఆయన చెప్పింది నిజమే. వచ్చిన వారంలోనే ఆర్డరు వేశాడు. కాల్చినా, కాల్చకపోయినా, ప్రతి రైఫిలు బారెల్ ప్రతిరోజూ తుడవాలి. శనివారం తనిఖీ. ఏ ప్లాటూను బారెళ్లు బాగా మెరిస్తే ఆ ప్లాటూనుకు మర్నాడు సెలవు.

ఆదివారం సెలవు అంటే ఏమిటో పోలీసు ఇళ్లలో ఉన్నవాళ్లకు తెలుసు. దానికోసం మనుషులు బారెళ్లే కాదు, గోడలు కూడా తోముతారు.

మా అనంతపురంలో ఇనుము తుప్పు పట్టాలన్నా ముందు వాన పడాలి. ఉతికిన ఖాకీ ప్యాంటు దండెం మీద వేసి చేతులు తుడుచుకునేలోపు ఆరిపోతుంది. ఇక్కడ తుపాకికి అసలు శత్రువు దుమ్ము. పంట కాలం దాటితే చేలన్నీ బోడిగా ఉంటాయి, గాలి లేస్తే ఆ మట్టంతా మన ఇళ్లలోకే వస్తుంది. కంటికి కనబడనంత సన్నటి ఇసుక అది. నూనె కనబడితే చాలు, పట్టుకుని వదలదు.

ఈ మాటే ఆర్.ఐ. గారికి చెప్పడానికి వెళ్లాను.

“సార్, ఈడ రోజూ అవసరం లేదు సార్. దుమ్ముగాలి. తెరిచినప్పుడల్లా లోపలికి పోతాది.”

“ఏమయ్యా, శుభ్రం చేస్తే తుపాకి పాడవుతుందంటావా?”

“ఎక్కువ చేస్తే అయితాది సార్.”

“పని ఎక్కువవుతుందని చెప్పు, అది ఒప్పుకుంటాను. స్టోరులో నూనె డబ్బాలు సరిపోతాయో లేదో చూసుకో, వెళ్లు.”

వెళ్లాను. నూనె డబ్బాలు సరిపోలేదు. ఇంకా తెప్పించారు.

ఆ ఆర్డరును అందరికంటే భక్తిగా పాటించినవాడు నా స్నేహితుడు, ముదిగుబ్బ వైపు నుంచి వచ్చిన ఒక హెడ్ కానిస్టేబులు. ముదిగుబ్బ హెడ్డు అనే పిలిచేవాళ్లం. గుమ్మంలో తల వంచి రావాల్సినంత పొడుగు, దానికి తగిన భుజాలు. జిల్లాలో ఆయనంత గురి ఉన్నవాడు లేడు. ఆర్.ఐ. రాకముందు ఒకసారి రాష్ట్రస్థాయి పోటీల్లో కప్పు కొట్టుకొచ్చాడు. కొట్టిన రైఫిలు సర్కారుదే అయినా, అప్పటినుంచి అది ఆయనదే. పాత త్రీ నాట్ త్రీ. దాని చెక్క మీద ఒక గీత పడితే ఆయన ముఖం మీద పడినట్టు బాధపడేవాడు. ఇంకెవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు.

మేం బారెల్ ఎట్లా తుడుస్తామో ఒక్క మాట చెప్పాలి. ఒక తాడు ఉంటుంది. ఒక చివర ఇత్తడి గుండు, ఇంకో చివర గుడ్డ ముక్క పెట్టే కన్ను. గుండును తుపాకి వెనకవైపు నుంచి లోపలికి జారవిడిస్తే మూతి దగ్గర బయటికి వస్తుంది. అక్కడ తాడు పట్టుకుని లాగితే గుడ్డ బారెలంతా తుడుచుకుంటూ వస్తుంది. ఇద్దరు కూర్చుని, ఒకరు తుపాకి పట్టుకుంటే ఒకరు సూటిగా లాగాలి. ఇద్దరికి తీరిక ఉండదు కాబట్టి ముదిగుబ్బ హెడ్డు తన ప్లాటూనుకు కొత్త పద్ధతి నేర్పాడు. తుపాకి మడమ నేలకు ఆనించి, పాదాల మధ్య బిగించి, నిలబడి, తాడును కుడి భుజం మీదికి ఒక్క గుంజు. సాయంకాలం మైదానంలో ఆ ప్లాటూనంతా వరసగా నిలబడి ఒక్కసారిగా గుంజుతుంటే చూడముచ్చటగా ఉండేది. గుంజిన తాడు నూనెతో తడిసి నేల మీద పడేది. మళ్లీ అదే తాడు లోపలికి. తెల్లగా ఇచ్చిన తాళ్లు నెల తిరగకుండా మా చేల మట్టి రంగుకు వచ్చేవి.

“ఏమప్పా, తాడు మట్టిలో ఏస్తాండారు” అన్నాను ఒకరోజు.

“మట్టిలో కాకుంటే నెత్తిన పెట్టుకోమంటావా?”

“కింద గోనెపట్టన్నా పరుచుకోండి.”

“నీకు ఆదివారం సెలవు రాలేదని కడుపుమంట. ముందు లోపల చూడు, మల్ల మాట్లాడు.”

బారెల్‌ను ఆకాశానికి ఎత్తి పట్టాడు. చూశాను. లోపల వెండి గొట్టంలా మెరుస్తోంది. మెరుస్తున్నదాన్ని పట్టుకుని పాడైపోతుందంటే ఎవరు నమ్ముతారు. పైగా ఆర్మరర్ పని మరమ్మతు. చెడిపోయిన తుపాకి నా బల్ల మీదికి వస్తుంది. బాగుందని అందరూ అంటున్న తుపాకిని తెచ్చి నా బల్ల మీద పెట్టమనే అధికారం నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆదివారాలు వరసగా ఆయన ప్లాటూనుకే వచ్చాయి. మిగతావాళ్లు పక్కనుంచి పోతూ, “ముదిగుబ్బోళ్లు తుపాకికి తలంటి జడ గూడా ఏస్తారంటప్పా” అనేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

గమనించండి, ఏడాదికి పైగా ఆ రైఫిలును రోజూ తుడిచారు. ఆ ఏడాదిలో దాంతో ఒక్క గుండు కాల్చలేదు. మాకు ఫైరింగ్ ఏడాదికి ఒకసారి. ఆ సంవత్సరం ఆయనను బందోబస్తుకు పంపడంతో ఆయన కాల్చనే లేదు. మిగతావాళ్ల గురి కూడా ఆ ఏడు పలచబడింది. ఎండ అన్నారు, వయసు అన్నారు.

ఆ తర్వాత మాకు కొత్తగా ఆడ కానిస్టేబుళ్లు వచ్చారు. అందులో ఒక పిల్ల గుమ్మఘట్ట వైపుది. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో కన్నడంలోకి జారిపోయేది. మనిషి చిన్నది, మాట తక్కువ. పరుగులో, డ్రిల్లులో మగపిల్లలను దాటిపోయింది. ఫైరింగులో మాత్రం మొదటిసారి తప్పింది. మొదటి గుండు పేలగానే కళ్లు మూసేసింది. అందులో వింత లేదు, చాలామంది మూస్తారు.

నేర్పే బాధ్యత ముదిగుబ్బ హెడ్డుది. ఆయన ఆ పిల్లను ఖాళీ తుపాకితో పడుకోబెట్టి, బారెల్ కొన మీద రూపాయి బిళ్ల నిలబెట్టి, బిళ్ల పడకుండా ట్రిగ్గర్ నొక్కడం నేర్పాడు. మొదట్లో నొక్కకముందే పడేది. కొన్నాళ్లకు పడటం మానేసింది. ఆయనకు ఎంత సంతోషమంటే, రెండో పరీక్షకు ఎవరినీ ముట్టనివ్వని తన రైఫిలునే తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

“ఇది తీస్కో. తప్పేది తెలీదు దీనికి.”

ఆ పిల్ల కాల్చింది. గుండ్లు చెల్లాచెదురుగా పోయాయి. రెండోసారీ తప్పింది.

ఆ వారంలోనే పిల్ల తండ్రి గుమ్మఘట్ట నుంచి బస్సెక్కి వచ్చాడు. పల్చటి మనిషి, చేతిలో శెనక్కాయల సంచి. గేటు దగ్గర నేనూ హెడ్డూ నిలబడి ఉన్నాం, పిల్ల కొంచెం పక్కగా నిలబడింది.

“సార్, దానికి చేతగాదంటే ఇప్పుడే చెప్పండి, తీస్కపోతా. కూలికి పోయేది మాకేం కొత్త గాదు. ఉద్యోగం వచ్చిందని ఊర్లో అందరికీ చెప్పుకుంటిమి. అది పోయినంక చెప్పుకునేది కష్టం, ముందే చెప్పుకుంటే బాగుంటాది.”

“చేతగాక కాదుప్పా. భయం. తుపాకి నాదే ఇచ్చినా. ఈ జిల్లాలో దాన్ని మించింది లేదు.”

“అంటే తుపాకిది తప్పేం లేదు.”

“లేదు.”

తండ్రి కూతురి వైపు తిరిగి, “ఇంటివా, సారు చెప్పింది?” అన్నాడు.

“నేను భయపడలేదు నాయనా” అంది ఆ పిల్ల.

“సారు అబద్ధం చెప్తాడా?” అని సంచి మాకిచ్చి వెళ్లిపోయాడు. ఆ శెనక్కాయలు మేం రెండు రోజులు తిన్నాం.

మూడో పరీక్ష ఆఖరిది. తప్పితే ప్రొబేషన్‌లోనే తీసేయమని పైకి రాస్తానని ఆర్.ఐ. ముందే చెప్పేశాడు. ఊళ్లో వ్యవసాయ కూలి, ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగం, మధ్యలో కొన్ని గుండ్లు. ఆ పిల్లకు ఉన్నది అంతే.

మా ఫైరింగ్ రేంజి ఉరవకొండ రోడ్డులో ఒక బోడిగుట్ట కింద ఉండేది. గుట్ట ముందు ఎత్తుగా మట్టిదిబ్బ, దిబ్బ ముందు టార్గెట్లు. ఎర్రజెండా ఎత్తిన తర్వాత కూడా ఒక గొర్రెల కాపరి మంద తోలుకుని గుట్ట అంచున పోతున్నాడు.

“ఓ అన్నా, గొర్రెల్ని ఇంగా పక్కకు తోలు. కాలుస్తాండాం” అని అరిచాడు హెడ్డు.

“కాల్చుకోండప్పా. యాడికి తోలేది. దిబ్బకు కొడితే దిబ్బకు తగలాల కదా. పోయిన తూరి ఆ బండకు తగిలె, సూడు, ఈడికి. మీ దిబ్బ యాడ, ఈ బండ యాడ.”

అందరూ నవ్వారు. హెడ్డు నవ్వలేదు. కాల్చినవాళ్లను అన్నాడనుకున్నాడు. కాపరి మాత్రం తాపీగా గుట్ట వెనక్కి తోలుకుపోయాడు.

పిల్ల పడుకుంది. నేను పక్కనే నిలబడి చూశాను. కళ్లు మూయలేదు, భుజం కదలలేదు, ఊపిరి బిగబట్టిన తీరు కూడా సరిగ్గానే ఉంది. గుండ్లు అయిపోయాక టార్గెట్ల దగ్గరి గుంతలోంచి, తగిలిందీ లేనిదీ చూసేవాళ్ల జెండా అడ్డంగా ఊగింది. ఒకటో రెండో లోపల, మిగతావన్నీ బయట.

“అయిపోయింది. రాసుకోండి” అన్నాడు ఆర్.ఐ.

పిల్ల లేచి, రైఫిలు ఖాళీ చేసి చూపించి, సెల్యూట్ కొట్టి, అక్కడే నిలబడింది.

“ఏంటమ్మా?”

“నేను భయపడలేదు సార్. కావాలంటే బిళ్ల పెట్టి సూడండి.”

“పరీక్ష బిళ్లతో కాదమ్మా, గుండుతో.”

టార్గెట్ కాగితం తీసుకురావడానికి హెడ్డు నడిచాడు. నేనూ వెంట వెళ్లాను. కాగితం ఊడదీసి చేతిలోకి తీసుకున్నవాడు అట్లాగే ఆగిపోయాడు. గుండు పడిన చోట చిల్లు గుండ్రంగా ఉండాలి. ఇవి పొడుగ్గా, వేరుశెనగ గింజల్లా ఉన్నాయి. ఒకదాంట్లో చిటికెనవేలు పెట్టి చూశాడు.

“అడ్డం తిరిగి వచ్చినాది” అన్నాడు.

 అనడానికి నా దగ్గర చాలా ఉంది.

సగం దూరం నడిచి మళ్లీ ఆగాడు. “పాప భయపడితే గుండు పక్కకు పోతాది. అడ్డం తిరగదు కదా?”

“తిరగదు.”

కాగితం మడిచి జేబులో పెట్టుకుంటే సరిపోయేది. ఎవరూ అడగరు. ఆయనకు ఎస్.ఐ. ప్రమోషను జాబితా ఆ నెలలోనే వెళ్లాల్సి ఉంది. సర్కారు ఆయుధం పాడుచేశాడని ఒక్క వాక్యం పడితే ఆ జాబితాలో ఉండడు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన కాగితం మడవలేదు. తిన్నగా ఆర్.ఐ. ముందుకు వెళ్లాడు.

“సార్, నాలుగు గుండ్లు ఇప్పించండి. ఇదే రైఫిలుతో నేను కాలుస్తా.”

“నీకెందుకయ్యా? నీ పరీక్ష ఎప్పుడో అయిపోయిందిగా.”

“ఒకసారి సూడాల సార్.”

ఆర్.ఐ.కి కూడా కుతూహలమే, సరే అన్నాడు. కప్పు కొట్టినవాడు పడుకుంటున్నాడంటే ప్లాటూనంతా చుట్టూ చేరింది. ఆయన ఎప్పటిలాగే తొందరపడకుండా, ప్రతి గుండుకూ ముందు ఊపిరి వదిలి కాల్చాడు. గుంతలోంచి జెండా అడ్డంగా ఊగింది. మళ్లీ ఊగింది. గుంతలో ఉన్నవాళ్లు పొరబడ్డామనుకున్నట్టున్నారు, ఒకడు తల పైకెత్తి చూశాడు. ఆఖరి గుండు ఒక్కటి నల్లచుక్క అంచును గీరుకుంటూ పోయింది.

“ఏమన్నా, నువ్వూ భయపడితివా?” అన్నాడు వెనకనుంచి ఒకడు.

“లేదప్పా” అన్నాడు ఆయన లేస్తూ. “నేనూ భయపడలేదు.”

రైఫిలు ఖాళీ చేసి మూతి నా వైపు తిప్పాడు. లోపలంతా అదే వెండి మెరుపు. మూతి అంచు చుట్టూ ఆయనే వేలు తిప్పాడు, ఒకచోట వేలు ఆగింది. అక్కడ ఇనుము అరిగిపోయి సన్నటి గాడి పడి ఉంది. గుండు బయటికి పోయేటప్పుడు ఆఖరున తాకేది ఆ అంచునే. ఒక పక్క గాడి ఉంటే వెనకనుంచి తోసే గాలి ఆ సందులోంచి ముందే తప్పించుకుంటుంది, గుండును ఒక పక్కకు నెడుతుంది. దుమ్ము పట్టిన తాడు ఆకురాయిలా ఆ అంచును రోజూ కొంచెం కొంచెం కోసింది. గాడి సరిగ్గా ఆయన కుడిభుజం గుంజే వైపే ఉంది. తన గుంజుడును తానే గుర్తుపట్టాడు.

“సార్, పాపది తప్పు లేదు” అన్నాడు. “తప్పు రైఫిలుది. దాన్ని ఇట్ల చేసింది నేను. మట్టి తాడుతో రోజూ గుంజి గుంజి.”

ఆర్.ఐ. కూడా మూతి అంచు మీద వేలు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. రోజూ అన్న మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. రోజూ అన్నది ఎవరి ఆర్డరో అక్కడున్న అందరికీ తెలుసు.

“ఆయుధం పాడు చేశావని రాస్తే నీకేమవుతుందో తెలుసా?”

“తెలుసు సార్.”

“రాయమంటావా?”

“పాపకు ఇంగో రైఫిలు ఇయ్యండి సార్. నా గురించి మల్ల ఏమన్నా రాసుకోండి.”

ఆర్.ఐ. నా వైపు చూసి, “ఇవ్వు” అన్నాడు.

వ్యానులో ఒక రైఫిలు ఉంది. ట్రెజరీ గార్డు డ్యూటీలో ఉండేది కాబట్టి అది శనివారం తనిఖీలకు ఎప్పుడూ రాలేదు. లోపల మబ్బుగా, పాత ఇత్తడి చెంబులా ఉంటుంది. మూతి అంచు మాత్రం ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉంది. ఆ పిల్ల తీసుకుని లోపల చూసి, “ఇది మెరిసేల్దు సార్” అంది.

“మెరవదమ్మా. గుండు సూటిగా పోతాది.”

మొదటి గుండు కిందికి పోయింది, చేతికి కొత్త తుపాకి కదా. తర్వాతవి ఒక్కొక్కటే లోపలికి వెళ్లాయి. గొప్పగా ఏమీ కాదు. పాసవడానికి ఎంత కావాలో అంత, దానిపైన ఒకటి. గుంతలో జెండా నిలువుగా లేచినప్పుడు హెడ్డు నేల వైపు చూస్తున్నాడు.

తర్వాత ఏం రాశారంటారా. ఆ రైఫిలు పాతబడి పనికిరాకుండా పోయిందని రాశారు. హెడ్డు పేరు రాయలేదు. పేరు రాస్తే కారణం రాయాలి, కారణం రాస్తే ఆర్డరు రాయాలి. ఆ ఆర్డరును రద్దు కూడా చేయలేదు. ఒక శనివారం తనిఖీ జరగలేదు, ఆ తర్వాత శనివారమూ జరగలేదు, అంతే. మర్నాడే హెడ్డు తన ప్లాటూనును కూర్చోబెట్టి గోనెపట్టలు పరిచి, ఇద్దరిద్దరుగా సూటిగా లాగడం మళ్లీ మొదటినుంచి నేర్పాడు. నేను ఆయన ప్లాటూను రైఫిళ్లన్నీ బల్ల మీదికి తెప్పించుకుని మూతులు చూశాను. గాడి పడినవి ఇంకా ఉన్నాయి. అవీ పాతబడిపోయాయనే రాశారు. హెడ్డు పేరు ప్రమోషను జాబితాలో రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. హెడ్డుగానే రిటైరయ్యాడు.

నా కోపం ఇక్కడే. ఉన్నది ఉన్నట్టు ఒక్క పేజీ రాసి ఉంటే తర్వాత వచ్చినవాళ్లు చదువుకునేవాళ్లు. రాయలేదు కాబట్టి ఇన్నేళ్ల తర్వాత వాట్సాప్‌లో మళ్లీ అద్దంలా మెరవాలి అంటున్నారు. కుర్రవాళ్లారా, మీ చేతుల్లో ఇప్పుడు వేరే రైఫిళ్లు ఉన్నాయి, తాడు బదులు కడ్డీ ఉందేమో. ఏదైనా మూతి అంచు మూతి అంచే. కాల్చినప్పుడు శ్రద్ధగా తుడవండి. కాల్చనప్పుడు చేతులు కట్టుకోండి.

ఆ రోజు సాయంత్రం సంగతి ఇంకొకటి ఉంది. పరీక్ష ఫలితం కోసం ఆ పిల్ల తండ్రి వాళ్ల ఊళ్లో ఫోను ఉన్న అంగడి దగ్గర కాచుకుని ఉంటాడు. లైన్స్ ఎదురుగా ఉన్న ఎస్.టి.డి. బూత్‌కు ఆ పిల్ల వెళ్తోంది. హెడ్డు చూసి, నన్నూ చెయ్యి పట్టుకుని లాక్కుని, ఆమె వెనకే వెళ్లాడు. ముగ్గురం ఆ అద్దాల పెట్టెలో ఇరుక్కున్నాం.

“నాయనా, పాసైనా” అంది ఆ పిల్ల. అవతల ఏదో అన్నాడు. హెడ్డు చెయ్యి చాచాడు.

“ఇట్లియ్యి పాపా.”

“ఎందుకు సార్?”

“మీ నాయనకు ఒక మాట చెప్పింటి. దాన్ని వెనక్కి తీస్కోవాల.”

రిసీవరు తీసుకున్నాడు. “పెద్దాయనా, నేను హెడ్డును. ఆ పొద్దు తుపాకిది తప్పు లేదని చెప్తి కదా. ఉండింది. పాపకు భయం లేదు. తప్పు నాది.”

 ఆ పెద్దాయన గొంతు రిసీవరు దాటి మా ఇద్దరికీ వినబడింది.

“ఏమప్పా, నువ్వు చెప్పినావనే కదా నేను దాన్ని తిట్టింది. నీకు గుండె లేదు, నీకెందుకే పోలీసుద్యోగం అని అంగట్లో అందరి ముందర ఫోన్లో తిట్టినా. వాళ్లమ్మ రెండు పొద్దులు కూడు తినల్యా. పెద్ద సారు చెప్పినాడు, సారుకు తెలీదా అనుకుంటి. తెలీనప్పుడు తెలీదని చెప్పేకి నోరు లేదా నీకు?”

“నిజమేప్పా.”

“నిజమంట నిజం. ఇప్పుడు అంటాండావు.”

ఇంకా చాలా అన్నాడు. తెలుగు చాలక కన్నడంలోకి వెళ్లాడు. మీటరు మీద ఎర్ర అంకెలు తిరుగుతూనే ఉన్నాయి, బూత్ ఆయన అద్దంలోంచి మా వైపు చూస్తున్నాడు. హెడ్డు రిసీవరు చెవికి ఆనించుకుని, ఆ ఇరుకులో కాళ్లు దగ్గర పెట్టి నిటారుగా నిలబడి, “అవునప్పా, అవునప్పా” అంటూ వింటున్నాడు. పెట్టేయలేదు, అడ్డం మాట్లాడలేదు.

ఆ పిల్లే చివరికి ఆయన చేతిలోంచి రిసీవరు తీసుకుంది.

“ఇంగ చాలు నాయనా. ఆయన తప్పు ఆయన చెప్పుకున్యాడు. అంగట్లో అందరి ముందర నన్ను తిట్టింది నువ్వు కదా. నువ్వేం చెప్పుకుంటావో చెప్పు, ఇంటా.”

 మేమిద్దరం బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేశాం.